టైల్స్ మీద రంగు: ముందు జిడ్డు సంగతి చూడండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నరసరావుపేట. మా ఇల్లు 1998లో కట్టారు. వంటగదిలో గట్టు పైన మూడడుగుల ఎత్తు వరకు ఎనిమిది బై పన్నెండు టైల్స్ ఉన్నాయి. లేత గులాబీ రంగు, మధ్య మధ్యలో పళ్ళ బుట్టల బొమ్మలు. మా అత్తగారు దగ్గరుండి ఎంచి వేయించినవి. ఒక్కటి కూడా పగల్లేదు, కానీ గది చీకటిగా, పాతగా కనిపిస్తోంది. పగలగొట్టి కొత్తవి వేయిద్దామంటే గోడలో పైపులు, కరెంటు వైర్లు అన్నీ కదులుతాయని, దుమ్ముతో నెల రోజులు వంట ఉండదని మావారు ఒప్పుకోవడం లేదు. టైల్స్ మీదే రంగు వేసుకోవచ్చా? మా పెయింటరేమో "నాలుగు నెలల్లో లేచిపోద్దమ్మా, వద్దు" అంటున్నాడు. ఫోన్లో వీడియోలు చూస్తే గంటలో అయిపోయినట్టు చూపిస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: చెల్లెమ్మా, ఆ ఇద్దరిలో మీ పెయింటర్ మాటే నమ్మండి. అతను గోడలకు వేసే పద్ధతిలో టైల్స్ మీద వేస్తే నిజంగానే నాలుగు నెలల్లో లేచిపోతుంది. పద్ధతి మారిస్తే మాత్రం నిలుస్తుంది. నేను తెనాలిలో మా రంగుల షాపు కౌంటర్ దగ్గర 27 ఏళ్ళుగా ఉంటున్నాను. లేచిపోయిన రంగు పెచ్చుల్ని పేపర్లో పొట్లం కట్టుకుని తెచ్చి చూపించినవాళ్ళు చాలామందే ఉన్నారు. మా ఇంటి వంటగదిలోనూ రెండుసార్లు వేశాను. మొదటిది పోయింది, రెండోది ఉంది. ఆ రెండింటికీ తేడా ఏమిటో చెబితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

2016 దసరా ముందు మొదటిసారి వేశాను. గిన్నెల సబ్బుతో ఒకసారి కడిగి, ఆరబెట్టి, తెల్ల ఎనామిల్ రెండు కోటింగులు వేయించాను. అద్దంలా మెరిసింది. సంక్రాంతికి అరిసెలు వండుతుంటే పొయ్యి వెనక ఒక చోట బుడగ లేచింది. ఇడ్లీ కుక్కర్ ఆవిరి రోజూ తగిలే చోటు అది. గోరుతో కదిపితే కాచిన పాల మీద మీగడలా అరచేయంత ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. తిప్పి చూస్తే దాని వెనకంతా లేత గోధుమ రంగు జిడ్డు. రంగు టైల్‌ని పట్టుకోలేదు, టైల్ మీదున్న నూనె పొరని పట్టుకుంది. ఆ పొర కదలగానే రంగూ దానితో వచ్చేసింది. పదేళ్ళ తాలింపు ఒక్క సబ్బుకి పోతుందనుకోవడమే నేను చేసిన తప్పు.

టైల్ ముఖం మీద ఉండే నిగనిగలాడే పూతని గ్లేజ్ అంటారు. అది నిజానికి గాజే. బట్టీలో వెయ్యి డిగ్రీలు దాటిన వేడికి కరిగి, మట్టి పలకకి అతుక్కున్న గాజు. సిమెంటు గోడ ప్రైమర్‌ని, అంటే రంగుకి ముందు వేసే పూతని, పీల్చుకుని తన లోపల పట్టు ఇస్తుంది. గాజు ఏదీ పీల్చదు. మీ ఇంట్లో మిగిలిపోయిన పాత టైల్ ఒకటి ఉంటే తీసుకుని దాని వెనక వైపు నాలుగు చుక్కల నీళ్ళు వేయండి, క్షణాల్లో ఇంకిపోతాయి. ముందు వైపు వేస్తే అలాగే నిలబడి ఉంటాయి. గోడలకు వేసే టైల్ మట్టి తన బరువులో పదో వంతుకు పైగా నీళ్ళు తాగగలదు. దాన్ని కాపాడుతున్నది ఆ పలచని గాజు పొరే. మనం రంగు వేయబోయేది దాని మీద. కాబట్టి పట్టు మనమే తయారు చేయాలి.

కడగడంతో మొదలుపెట్టండి. ఒక బకెట్ వేణ్ణీళ్ళలో గుప్పెడు బట్టల సోడా కలిపి, చేతులకు రబ్బరు గ్లవుజులు వేసుకుని, పీచుతో రుద్దండి. మంచినీళ్ళతో తుడవండి. ఇలా మూడుసార్లు. మూడో తడవ అయ్యాక టైల్ మీద నీళ్ళు చిలకరించి చూడండి. నీళ్ళు ఒకే పొరగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. ముత్యాల్లా ముద్దలు కట్టి నిలబడ్డాయంటే ఇంకా ఉన్నట్టు, నాలుగోసారి కడగాల్సిందే. చిమ్నీ లేని వంటగదుల్లో నాలుగోసారి తప్పడం లేదు, నా అనుభవం అది.

మీ వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా. సింకు చుట్టూ తెల్లగా పేరుకున్న పొర సోడాకి పోదు. వెనిగర్‌లో తడిపిన గుడ్డని పావుగంట దాని మీద అంటించి ఉంచి, తర్వాత రుద్ది, బాగా కడిగేయండి. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం తేవద్దు. అది టైల్స్ జాయింట్లలో ఉన్న సిమెంటుని తినేస్తుంది. పొరపాటున బ్లీచింగుతో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాల మీదకి తెస్తుంది.

గట్టుకీ టైల్‌కీ మధ్య, సింకు అంచున రబ్బరులా ఉండే సిలికాన్ పూసి ఉంటే బ్లేడుతో కోసి పూర్తిగా తీసేయండి. దాని మీద ఏ రంగూ నిలవదు. రంగు పని అయిపోయి గట్టిపడ్డాక కొత్తది పెట్టుకోవచ్చు. తర్వాత ఒక రూపాయి నాణెంతో ప్రతి టైల్ మీదా తట్టండి. 'టక్' మని గట్టిగా పలికితే బాగున్నట్టు. డొల్లగా మోగితే అది వెనక పట్టు వదిలేసిందని అర్థం. అలాంటివి ఒకటో రెండో ఉంటే తీయించి మళ్ళీ అతికించాలి, పది ఉంటే రంగు ఆలోచన మానుకోవాలి. రాలిపోయిన జాయింట్లను గీకి కొత్తగా నింపి, రెండు రోజులు ఆరనివ్వండి.

ఇప్పుడు అసలు పని. 220 నంబర్ వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే నల్లటి ఎమెరీ కాగితం, తెప్పించండి. నీళ్ళలో ముంచి, టైల్‌ని తడుపుతూ, గుండ్రంగా రుద్దాలి. పొడిగా రుద్దకూడదు, టైల్ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటకి రాదు. ఎంతసేపు రుద్దాలి అని అందరూ అడుగుతారు. ట్యూబ్‌లైట్ వేసి టైల్‌లో దాని నీడ చూడండి. మొదట తెల్లటి గీతలా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత మసకబారి, పొగమంచులో లైటులా మారేదాకా రుద్దాలి. ప్రతి టైల్ అంచుల్లో, మూలల్లో కూడా. మా ఇంట్లో ముప్పై చదరపు అడుగులకు నేనూ మా అబ్బాయీ కలిసి ఉదయం నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా రుద్దాం. భుజాలు లాగేశాయి. వీడియోల్లో ఈ పూట మొత్తం కోసేస్తారు, అందుకే అక్కడ గంటలో అయిపోతుంది.

ప్రైమర్ దగ్గర ఎక్కువమంది మోసపోతారు, షాపువాళ్ళ తప్పూ ఉంటుంది. "ప్రైమర్ ఇవ్వండి" అంటే గోడల ప్రైమర్ చేతిలో పెడతారు. అది గోడకే, టైల్‌కి కాదు. ఇనుప గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్ కూడా దీనికి కాదు. "గాజుకీ, టైల్స్‌కీ పట్టే ప్రైమర్" అని అడగండి, డబ్బా మీద టైల్స్ పేరు రాసి ఉందో లేదో మీరే చదవండి. లేదంటే రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ ప్రైమర్ తీసుకోండి. లప్పం పెట్టి జాయింట్లు కనపడకుండా చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మామూలు గోడ లప్పం టైల్ మీద అట్టలా లేస్తుంది.

గోడంతా వేసే ముందు ఫ్రిజ్ వెనకో, మూలనో ఒకే ఒక్క టైల్ మీద ప్రైమర్, రంగు వేసి వారం ఆగండి. తర్వాత బ్లేడుతో అడ్డంగా ఇంటూ గుర్తులా రెండు గాట్లు పెట్టి, దాని మీద మంచి టేపు గట్టిగా అదిమి, ఒక్క ఊపున లాగండి. టేపుకి రంగు అంటుకుని రాకపోతే గోడంతా ధైర్యంగా వేయండి. వస్తే, ఒక్క టైల్‌తోనే తప్పు బయటపడిందని సంతోషించండి. మళ్ళీ కడగడం దగ్గర మొదలుపెట్టాలి. రెండోసారి నేను ఈ పరీక్ష చేశాకే ముందుకి వెళ్ళాను.

రంగు కూడా రెండు డబ్బాలదే మంచిది, ఒకటి రంగు, ఒకటి దాన్ని గట్టిపరిచే హార్డెనర్. ఎపాక్సీ అయినా సరే, పీయూ (పాలీయురెథేన్) అయినా సరే. కలిపే పాళ్ళు కంటి అంచనాతో కాకుండా గుర్తులున్న కప్పుతో కొలవండి. హార్డెనర్ తగ్గితే రంగు ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది, ఎక్కువైతే పెళుసుబారుతుంది. ఒకసారి కలిపాక డబ్బాలోనే గట్టిపడటం మొదలవుతుంది. అందుకని అరగంటలో వాడగలిగినంతే కలపండి. నాలుగంగుళాల ఫోమ్ రోలర్‌తో రెండు పలచని పూతలు. మందంగా ఒకే పూత వేస్తే కారి, బొట్లు కడుతుంది. రెండో పూత ఎప్పుడు వేయాలో డబ్బా మీద గంటల్లో రాసి ఉంటుంది. ఆ గడువు దాటిపోతే మొదటి పూత మీద మళ్ళీ తేలిగ్గా వాటర్ పేపర్ పట్టాకే రెండోది వేయాలి.

ఒక్క సంగతి మాత్రం మీరు మర్చిపోకూడదు. వీటిని పలచన చేసే థిన్నర్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. పని జరిగే రోజు సిలిండర్ రెగ్యులేటర్ ఆపి, వీలైతే సిలిండరే బయట పెట్టించండి. వంటగదిలోనే దేవుడి గూడు ఉంటే ఆ పూట దీపం హాల్లో పెట్టుకోండి. కిటికీలు తెరిచి ఉంచండి. మామూలు గుడ్డ మాస్కు ఈ వాసనని ఆపలేదు, కార్బన్ ఫిల్టరున్న మాస్కు కొనిపించండి. ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, ఆయాసం ఉన్నవాళ్ళు ఉంటే ఆ రెండు మూడు రోజులు బంధువుల ఇంటికి పంపండి. నీటితో కలిసే ఎపాక్సీలూ దొరుకుతున్నాయి, వాసన బాగా తక్కువ. మీ వంటగది చిన్నదైతే అదే తీసుకోండి.

రోజు కూడా చూసుకోండి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఈ పని చేయకూడదు. మనకి వానాకాలం పనికిరాదు. కార్తీకం వెళ్ళిన దగ్గర్నుంచి ఫాల్గుణం దాకా బాగుంటుంది. సంక్రాంతి సున్నాలప్పుడు పెయింటర్లు దొరకరు, దొరికినా తొందరపడతారు. మాఘంలో పెట్టుకోండి. నాది కూడా 2017 ఫిబ్రవరిలోనే చేశాం. చేతికి అంటకుండా ఆరడం వేరు, గట్టిపడటం వేరు. మామూలుగా పూర్తిగా గట్టిపడటానికి 7 రోజులు పడుతుంది. ఆ వారం వరండాలో చిన్న పొయ్యి పెట్టుకుని వండుకోండి. గోడ మీద నీళ్ళు, ఆవిరి పడనీయకండి.

ఇంతా చేశాక కూడా, పొయ్యికి సరిగ్గా వెనకున్న రెండడుగుల మేర రంగు వేయవద్దు. రోజూ మంట సెగ తగిలే చోట ఏ రంగుకీ నేను పూచీ ఇవ్వలేను. మా ఇంట్లో అక్కడ స్టీలు రేకు బిగించాం. మిగిలిన గోడ ఇప్పటికీ బాగుంది. సింకు కుళాయి పక్కన జానెడు చోట 2021లో లేచింది, అంతవరకే గీకి మళ్ళీ వేశాను. స్టీలు పీచు, సబ్బు పొడి ఆ గోడకి తగలనివ్వను. మెత్తటి గుడ్డ, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, అంతే.

రంగు ఎంచేటప్పుడు పాలతెలుపు కాకుండా మీగడ రంగు తీసుకోండి. ఎపాక్సీ తెలుపు కొన్నేళ్ళకి పసుపుబారుతుంది, మీగడ రంగులో ఆ తేడా తెలియదు. జాయింట్ల గీతలు అలాగే కనిపిస్తాయి. చూసినవాళ్ళకి రంగేసిన టైల్స్ అనే తెలుస్తుంది, కొత్త టైల్స్ అనిపించదు. పళ్ళ బుట్టలు ఉబ్బెత్తుగా అచ్చు పోసినవైతే రంగు కింద నుంచి కూడా ఆకారం తెలుస్తుంది. వేళ్ళతో తడిమి చూసుకోండి.

ఇంకొకటి. మీ అత్తగారు ఎంచిన టైల్స్ అని రాశారు. వాటర్ పేపర్ పట్టాక ఆ బొమ్మ తిరిగి రాదు. మొదలుపెట్టే ముందు ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ఆవిడకి ఇష్టమైన పళ్ళ బుట్ట టైల్ ఒకటి అడిగి, దాని చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, దాన్ని అలాగే వదిలేయండి. మీగడ రంగు గోడలో ఆ ఒక్క గులాబీ టైల్ చాలా బాగుంటుంది. నేను ఇద్దరి ఇళ్ళల్లో అలా చేయించాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మేం హైదరాబాద్ కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం. బాత్‌రూమ్ టైల్స్ మీద మాకంటే ముందున్నవాళ్ళు ఏదో నీలం రంగు వేశారు. ఇప్పుడది పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది, స్నానం చేస్తే ఒంటి మీద కూడా పడుతోంది. నేను పైనుంచి ఒక కోటింగు వేశాను, అదీ నెలలో లేచింది. రిమూవర్ తెచ్చి మొత్తం తీసేసి మళ్ళీ మంచి రంగు వేద్దామనుకుంటున్నాను. ఏది వాడాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బాబూ, రిమూవర్ తెచ్చే ఆలోచన దయచేసి మానేయండి. చాలా పెయింట్ రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రవం ఉంటుంది. దాని ఆవిరి గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది. మీరు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని గీకే చోటే ఉంటుంది. అమెరికాలో 2000 నుంచి 2011 మధ్య బాత్‌టబ్బుల పాత పూత తీసే పనిలో 13 మంది ఇలాగే బాత్‌రూముల్లో చనిపోయారు. వాళ్ళు రోజూ ఆ పని చేసేవాళ్ళే. 2019లో అక్కడి ప్రభుత్వం ఇంటి వాడకానికి ఈ రకం రిమూవర్లు అమ్మడాన్ని నిషేధించింది. మన అపార్టుమెంటు బాత్‌రూముకి ఉండేది అడుగు వెడల్పు వెంటిలేటర్. అందులో ఒక్కరే తలుపు వేసుకుని ఆ పని చేయడం అన్న మాట చదవగానే నాకు భయం వేసింది.

మీది ఎలాగూ ఊడుతున్న రంగే కాబట్టి మందు అక్కర్లేదు. వేణ్ణీళ్ళు పోసి పది నిమిషాలు నాననిచ్చి, ప్లాస్టిక్ గీకుడు పలకతో గీకండి, చాలావరకు పట్టీలుగా వచ్చేస్తుంది. గ్లేజ్ మీద పట్టు లేని రంగు కదా. పొడిగా ఎమెరీ పట్టించవద్దు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ అయితే ఆ దుమ్ములో సీసం ఉండవచ్చు. గీకిన పెచ్చులన్నీ తడిగా ఉండగానే ఏరి కవర్లో కట్టేయండి, పిల్లలు ఉంటే ఆ రోజు అటు రానీయకండి.

తీశాక మళ్ళీ రంగు వేయాలా అంటే, మీ బాత్‌రూముకి వద్దనే చెబుతాను. అదొక్కటే బాత్‌రూమ్ అని నా ఊహ. రంగు వేస్తే వారం రోజులు చుక్క నీరు తగలకూడదు, మీకు అది కుదురుతుందా? షవర్ నీళ్ళు నేరుగా పడే గోడ మీద రెండు డబ్బాల ఎపాక్సీ వేసినా నేను చూసినవాటిలో ఎక్కువ కాలం నిలిచింది లేదు. పైగా నీళ్ళు ముందు నుంచే వస్తాయని లేదు. జాయింట్లు చిట్లితే టైల్ వెనక మట్టి నీళ్ళు తాగి, ఆ చెమ్మ వెనక నుంచి రంగుని నెడుతుంది. అనుమానం ఉంటే ఒక పాలిథిన్ కవర్‌ని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రాత్రంతా ఉంచండి. తెల్లారి కవర్ లోపల వైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోంది. అప్పుడది రంగుతో తీరే సమస్య కాదు, పైపు లీకు ఎక్కడుందో ఇంటివాళ్ళు చూపించుకోవాలి.

మీరు పెట్టే డబ్బూ శ్రమా జాయింట్ల మీద పెట్టండి. నల్లబడ్డ పాత వైట్ సిమెంట్‌ని గీకి, జాయింట్లు నింపే ఎపాక్సీ గ్రౌట్ పట్టించండి. గోడ రంగు మారకపోయినా జాయింట్లు తెల్లగా, సూటిగా ఉంటే బాత్‌రూము శుభ్రంగా కనిపిస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గొడవా ఉండదు. ఇంటివాళ్ళకి ఒక మెసేజ్ పెట్టి, ఇప్పటి పరిస్థితి ఫోటోలు తీసి ఉంచుకోండి. ముందున్నవాళ్ళు వేసిన రంగు మీ అడ్వాన్సులోంచి కోయకూడదు కదా.

ప్రశ్న: అమ్మా, నేను డల్లాస్‌లో ఉంటాను. ఇక్కడ మా బాత్‌రూమ్ గోడ టైల్స్‌కి రంగు వేయించాం, బాగుంది. అమలాపురంలో మా నాన్నగారింట్లో బాత్‌రూమ్ నేల టైల్స్‌కి కూడా అలా వేయిద్దామా? నాన్నగారికి 74 ఏళ్ళు.

జవాబు: వద్దు బాబూ. నేల మీద వేస్తే నాలుగు నెలల్లో కాళ్ళ దారిలో అరిగి గుంటలు పడటం ఒక సంగతి. నున్నటి పూత తడిస్తే జారడం అంతకంటే పెద్ద సంగతి. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఎంత కష్టమో మా అమ్మగారి విషయంలో చూశాను. గరుకుగా ఉండే యాంటీ స్కిడ్ టైల్స్ పాతవాటి మీదే వేయవచ్చు, టైల్ మీద టైల్ అతికే గమ్ము వేరే వస్తుంది. కాకపోతే నేల అర అంగుళానికి పైగా లేస్తుంది, తలుపు కింద కోయాలి, నీళ్ళ వాలు సరిచూసుకోవాలి. కమోడ్ పక్కన, కుళాయి దగ్గర పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు కూడా అదే రోజు బిగించమనండి. వాటికి డ్రిల్లు వేసేది టైల్ జాయింట్‌లో కాకుండా టైల్ మధ్యలో, మేకు గోడలోకి దిగేలా. ఆ పని జరిగేటప్పుడు ఎవరైనా దగ్గరుండాలి.

ప్రశ్న: అక్కయ్య గారూ, మా ప్రహరీ గోడకి రోడ్డు వైపు అన్ని దేవుళ్ళ బొమ్మల టైల్స్ పదకొండు అతికించాం. అక్కడ జనం మూత్రం పోయకుండా ఉంటారని పదిహేనేళ్ళ కింద మా నాన్నగారు పెట్టించారు. ఇప్పుడు ఎండకి బొమ్మలు వెలిసిపోయాయి, రెండు బీటలు వారాయి. ఇప్పుడక్కడ వీధి దీపం వచ్చింది, ఆ బాధ లేదు. గోడంతా రంగు వేయిస్తూ వాటి మీద కూడా వేసేస్తామని పెయింటర్ అంటున్నాడు. మా ఆవిడకి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, సిద్ధిపేట

జవాబు: అన్నయ్య గారూ, వదిన గారి మనసు చెప్పిందే సరైనది. రంగు పని తెలిసినదానిగా చూసినా ఆవిడ మాటే సరి. గోడకి వేసే ఎమల్షన్ ఆ టైల్స్ మీద ఒక్క వానాకాలం కూడా ఆగదు. ముక్క ముక్కగా ఊడి, వెలిసిన దేవుడి ముఖం సగం సగం కనిపిస్తుంది. అది ఇంకా బాధగా ఉంటుంది. సరిగ్గా వేయాలంటే ముందు ఆ ముఖాల మీద వాటర్ పేపర్ పట్టాలి, ఆ మాట నేను ఏ ఇంటివాళ్ళకీ చెప్పను. ఎపాక్సీ వేసినా బయట ఎండకి సుద్దలా పొడి రాలుతుంది.

వాటిని తీయించండి. తీయడం కష్టం కాదు, ప్రహరీకి అతికించేవాళ్ళు మధ్యలో నాలుగు ముద్దలు సిమెంటు పెట్టి అదుముతారు, అంచులు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. చుట్టూ జాయింటుని సన్న ఉలితో కోసి, పలచటి పట్టీని వెనక్కి దూర్చి మెల్లగా లేపితే పదకొండులో సగమైనా చెక్కుచెదరకుండా వస్తాయి. కింద గోనె సంచి పట్టుకోమనండి, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, టైల్ పగిలితే గాజు పెంకులే ఎగురుతాయి. బాగా వచ్చినవి మీ పెరట్లో తులసి కోట పక్కన గోడకి పెట్టుకోవచ్చు. పగిలినవాటిని ఏం చేయాలో మీ ఇంటి పద్ధతి ప్రకారం వదిన గారినే చెప్పనివ్వండి, చెరువులో మాత్రం వేయకండి, పిల్లల కాళ్ళు కోసుకుంటాయి.

తీసిన చోట గుంటల్ని సిమెంటు, సన్న ఇసుకతో పూడ్చి, వారం రోజులు నీళ్ళు పట్టి, మూడు వారాలు ఆరనివ్వండి. అక్కడ ఇక టైల్ లేదు కాబట్టి మీ పెయింటర్ తెచ్చిన గోడ ప్రైమరే దానికి సరిపోతుంది. ఆ పైన బయట గోడల ఎమల్షన్ రెండు కోటింగులు వేయించండి.